హైకోర్టు న్యాయమూర్తుల అరవై రెండో పుట్టినరోజుకు

మహారాజశ్రీ అరవై రెండో పుట్టినరోజు గారికి నమస్కరించి రాయునది.

రాజ్యాంగం 217వ అధికరణలో తమరు కొలువై ఉన్నారు. హైకోర్టు న్యాయమూర్తి ఎంతటి వారైనా తమరు గడప తొక్కితే గౌను విప్పి పదవీ విరమణ చేయాల్సిందే. మొదట్లో తమరి వయసు అరవై. 1963లో పదిహేనో సవరణ రెండేళ్లు కలిపింది. అరవై అయిదు చేద్దామని 2010లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గానీ, 2014లో ఆ సభతో పాటే అదీ కాలం చేసింది.

ఢిల్లీలో మాత్రం తమరి అన్నగారు అరవై అయిదు రాజ్యమేలుతున్నారు. హైకోర్టులో అరవై రెండుకే వాడిపోయే బుద్ధి సుప్రీంకోర్టులో మరో మూడేళ్లు నిగనిగలాడుతుందన్నమాట. ఢిల్లీ గాలి మహిమ కాబోలు! (ఆ గాలి సంగతి అందరికీ తెలిసిందే.) పైగా 220వ అధికరణ ప్రకారం, తమరు ఇంటికి పంపిన పెద్దమనిషి మర్నాడే సుప్రీంకోర్టులో వకీలుగా నిలబడి వాదించవచ్చు. తీర్పు చెప్పడానికి పనికిరాని వయసు, చెప్పించుకోవడానికి పనికొస్తుంది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అధ్యక్ష పీఠమైతే డెబ్బై దాకా వద్దనదు.

తమరి ప్రతాపం రుచి చూసినవారు కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జ్యోతిప్రకాశ్ మిత్తర్. ఆయన పుట్టింది 1901లోనా, 1904లోనా అన్నది తగవు. మెట్రిక్యులేషన్ రికార్డుది ఒక మాట, ఆయనది ఇంకో మాట. ఆ గొడవల కాలంలోనే 217లో కొత్త నిబంధన చేరింది: న్యాయమూర్తి వయసు మీద వివాదం వస్తే భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి రాష్ట్రపతి తేలుస్తారు, అదే తుది మాట. ఊరందరి దస్తావేజుల్లో తేదీలు తేల్చిన మనిషికి తన పుట్టిన తేదీ తేల్చడానికి రాష్ట్రపతి దిగిరావాల్సి వచ్చింది. ఆ తుది మాట మీద కూడా సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచింది లెండి.

ఇక నా మనవి. మా పొలం గట్టు అప్పీలులో వాదనలు సగం అయ్యాయి. న్యాయమూర్తి గారు కేసు కాగితాల కట్ట పూర్తిగా చదివారు. సర్వే పటం అంచున పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం కూడా పెట్టారు. ఇన్నేళ్లలో మా గట్టు మీద సందేహం కలిగిన మొదటి మనిషి ఆయనే. అంతలో తమరు విచ్చేశారు. వీడ్కోలు సభ, శాలువా, ఫోటో. మా వాదన కొత్త బెంచి ముందు మళ్లీ మొదటి నుంచి.

కొత్త వారి వయసెంత అని వకీలు గారిని అడిగాను. అరవై ఒకటిన్నర అన్నారు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక అప్పీలుదారు