మహారాజశ్రీ ఓకే గారికి

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ భాషలో చెప్పాలంటే ఇక్కడ ఓకే, అక్కడా ఓకే అని తలుస్తాను.

అయ్యా, ముందు మీ పుట్టుక సంగతి. తమరు 1839 మార్చి 23న అమెరికాలో బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పత్రికలో తొలిసారి అచ్చయ్యారు. స్పెల్లింగులు కావాలని చెడగొట్టి, ఆ తప్పులకే పొడి అక్షరాలు తగిలించడం అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లకి ఓ సరదా. "ఆల్ కరెక్ట్"లోని రెండు మాటల్నీ ఉండాల్సిన అక్షరాలతో కాక 'ఓ', 'కె'లతో మొదలుపెట్టి మిమ్మల్ని తయారుచేశారు. అంతా కరెక్టే అని లోకానికి సర్టిఫికెట్లిచ్చే మీలో ఉన్నవే రెండక్షరాలు, ఆ రెండూ తప్పే! "ఆల్ రైట్"ని అలాగే చెడగొడితే పుట్టిన ఓ.డబ్ల్యూ. అని మీకో దాయాది ఉండేవాడు. పాపం, ఆయన్ని తలుచుకునే దిక్కు లేదు. మీరు మాత్రం ఎన్నికల పుణ్యమా అని బతికిపోయారు. 1840లో అధ్యక్ష పదవికి మళ్లీ నిలబడ్డ మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ అనే ఊరు. ఆయన్ని "ఓల్డ్ కిండర్‌హుక్" అని పిలుచుకుంటూ అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మీరు గెలిచారు.

అమెరికా అధ్యక్షుడిగా చేసిన ఉడ్రో విల్సన్ అంతటివాడు మిమ్మల్ని చోక్టా ఆదివాసుల మాటనుకుని, స్పెల్లింగు మార్చి మరీ రాసేవాడు. 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే భాషావేత్త పాత పత్రికలు తిరగేస్తేగానీ మీ కులగోత్రాలు తేలలేదు.

సరే, పుట్టుక ఎలాగైతేనేం, నా గొడవ మీ నడవడితో. డాక్టరు రిపోర్టులు చూసి "ఓకే" అంటే ప్రాణం లేచొస్తుంది. కొత్త చొక్కా వేసుకుని ఎలా ఉందని అడిగితే అదే "ఓకే"కి ప్రాణం ఉసూరుమంటుంది. "రేపటికల్లా అయిపోవాలి, ఓకేనా?" అని పై అధికారి అంటే అది ప్రశ్న కాదని అందరికీ తెలుసు. ఇక ఫోన్‌లో మీ లీలలు చెప్పతరం కాదు. రాలేకపోతున్నందుకు ఒకరు బతిమాలుతూ పేరాలకు పేరాలు పంపిస్తారు. అవతల టైపింగ్ అని వస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. చివరికి దిగేది మీరు, పక్కన ఓ చుక్కతో. ఆ చుక్క కోపమా, అలవాటా? ఇక రాత్రంతా టెన్షన్.

యాపిల్ వాళ్లు లీసా కంప్యూటర్ చేసేటప్పుడు బటన్ మీద "డూ ఇట్" అని పెడితే, దాన్ని వాడి చూడ్డానికి వచ్చిన ఒకాయన అందులోని 'ఐ'ని 'ఎల్' అనుకుని, రెండు మాటలూ కలిపి "డోల్ట్" అని, అంటే మొద్దు అని చదువుకున్నాడట. ఈ యంత్రం నన్నెందుకు తిడుతోందని నొచ్చుకున్నాడట. ఆ కుర్చీ మీకిచ్చారు. ఇప్పుడు "మీరు రాసిందంతా పోయింది" అని చెప్పి, కింద మిమ్మల్నొక్కర్నే నిలబెడుతున్నారు. ఏం ఓకే అయ్యా? పోవడం ఓకేనా? కాదనడానికి పక్కన ఇంకో బటన్ ఉండదు. తిట్టడం మానేసి, నష్టపోయినవాడి చేతే సంతకం పెట్టించుకోవడమన్నమాట!

కాబట్టి వేడుకునేది ఒక్కటే. ఒప్పుకున్నాను, విన్నాను, వినలేదు, ఇక నోర్ముయ్. ఈ నాలుగు ఉద్యోగాల్లో ఏదో ఒకటి ఉంచుకుని, మిగతావి సరే, అలాగే, ఊఁ లాంటి పాతవాళ్లకి వదిలెయ్యండి. ఎలాగూ ఖాళీగానే ఉన్నారు.

ఇట్లు,
ఈ లేఖ పంపడానికి కూడా మిమ్మల్నే నొక్కుతున్న
మీ విధేయుడు