1986 నాటి జెండా పాటకు ఎనుమాముల గుమస్తా లేఖ

మహారాజశ్రీ 1986–88 సరిహద్దు ధర గారి సముఖానికి,
ప్రపంచ వాణిజ్య సంస్థ, జెనీవా.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమిషన్) దుకాణం తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, రాసే గుమస్తా నమస్కరించి చేయు విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాను. తమరి క్షేమం మాత్రం అడగను. నలభై ఏళ్ల నుంచి ఒక్క పైసా పెరగక, ఒక్క పైసా తరగక కూర్చున్నవారికి ఏమవుతుంది?

ఈ ఉత్తరం నలుగురి కంట పడుతుంది కాబట్టి తమరెవరో ముందు చెప్పాలి. 1986–88 మూడేళ్లలో దేశం సరిహద్దు దగ్గర గింజలకు పలికిన సగటు ధర తమరు. టన్ను బియ్యం 3,520 రూపాయలు, టన్ను గోధుమలు 3,540 రూపాయలు. భారతదేశం ఖాతాలో తమరి రూపం ఇదీ. కిలో బియ్యం మూడు రూపాయల యాభై రెండు పైసలన్న మాట. మా దేశం తన రైతుకు మరీ ఎక్కువ మద్దతు ధర ఇచ్చేస్తోందా అని తేల్చాలంటే జెనీవాలో ఈ రోజుకీ తమరినే పక్కన నిలబెట్టి కొలుస్తారు. తమరు పుట్టిననాడు ఇక్కడ ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం నడుస్తోంది. మా వరంగల్ ఆజంజాహి మిల్లు ఇంకా బట్ట నేస్తోంది. 1986–87లో క్వింటాల్ వడ్లకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర 146 రూపాయలు. 2025–26లో ఏ గ్రేడ్ వడ్లకు 2,389. మిల్లు మూతబడింది, ఆ ముఖ్యమంత్రి కాలం చేశారు, రాష్ట్రమే రెండు ముక్కలైంది. తమరు మాత్రం చెక్కుచెదరలేదు.

మా మార్కెట్‌లో జెండా పాట అని ఒకటుంటుంది. పొద్దున్నే ఖరీదుదార్లంతా ఒక రాశి దగ్గర గుమిగూడి పాట పెడతారు. ఎక్కువ పలికిన ధరే ఆ రోజు జెండా పాట. పేపర్‌లో వచ్చేది అదే. మిగతా రాశులకు అంతకన్నా ఎంత తగ్గుతుందన్నది వేరే కథ, అది రాస్తే నా కొలువు పోతుంది. కానీ ఎంతటి జెండా పాటకైనా ఆయుష్షు ఒక్క పూటే. మర్నాడు మళ్లీ పాట మొదలు. తమరొక్కరే 1986 సెప్టెంబర్‌లో ఉరుగ్వే దేశంలోని పుంటా డెల్ ఎస్టేలో మొదలైన ప్రపంచ వాణిజ్య బేరసారాల పుణ్యమా అని ఆ మూడేళ్ల సగటు మీద పాట కొట్టించుకుని, ఇక ఏ తెల్లారీ రెండో పాట జరగకుండా చూసుకున్నారు. 1994లో మరాకేష్‌లో ఆ ఒప్పందాల మీద సంతకాలు పెట్టేనాటికే తమరు పాతబడ్డారు. పైగా అప్పట్లో ప్రపంచ మార్కెట్ అడుగున ఉంది. అమెరికా, యూరప్ తమ మిగులు గింజలను సబ్సిడీ ఇచ్చి మరీ బయటికి తోసి ధరలు దించిన రోజులవి. ఎవరు దించిన ధరనో మాకు కొలబద్దగా ఇచ్చారు.

లెక్క ఎలా కడతారో చూడండి. క్వింటాల్ వడ్లకు 67 కిలోల బియ్యం వస్తుందనుకుంటే, ఈ మద్దతు ధర మీద టన్ను బియ్యం 35 వేల 600 రూపాయల చిల్లర పడుతుంది. అందులోంచి తమరి 3,520 తీసేస్తే మిగిలిన 32 వేలు మేం రైతుకు అప్పనంగా పంచిపెట్టిన సొమ్ము! యూరియా బస్తా, డీజిల్, కోత మిషన్ అద్దె, నాటుకు వచ్చిన ఆడవాళ్ల కూలి, వీటికేవీ ఆ లెక్కలో చోటు లేదు. ధరలు విపరీతంగా పెరిగితే దాన్ని కాస్త పట్టించుకోవచ్చని వ్యవసాయ ఒప్పందం 18వ అధికరణంలో ఒక ముక్క ఉందంటారు మావాళ్లు. ఉంది నిజమే. నలభై ఏళ్లలో వచ్చిన పెరుగుదల విపరీతమా కాదా అన్న దగ్గరే మాట ఆగిపోయింది.

తమరి తమాషా ఇంకొకటి. అభివృద్ధి చెందుతున్న దేశం ఇలాంటి మద్దతు పంట విలువలో పది శాతం దాటనివ్వకూడదు. బాగుపడ్డ దేశాలకైతే ఐదు శాతమే కదా, న్యాయంగానే ఉంది అనుకుంటాం. కానీ తమరి కాలంలోనే ఎవరు దండిగా సబ్సిడీలు ఇచ్చి ఉన్నారో, వాళ్లకు అందులో కొంత కోసి, మిగతాది ఇకముందూ ఇచ్చుకోవచ్చని పట్టా రాసిచ్చారు. అలా అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్లు, యూరోపియన్ యూనియన్‌కు 7,200 కోట్ల యూరోలు దాటిన హద్దు దక్కింది. మేం అప్పుడు ఇవ్వలేదు గనుక మాకు పట్టా లేదు. అప్పుడు ఇవ్వనివాడు ఇప్పుడూ ఇవ్వకూడదు. ఎంత చక్కటి న్యాయం!

ఈ చిక్కులోంచి బయటపడటానికి మా ఢిల్లీవాళ్లు కనిపెట్టిన ఉపాయానికి మాత్రం గుమస్తాగా నేను చేతులెత్తి దండం పెడతాను. లెక్కంతా డాలర్లలోకి మార్చేశారు. అప్పుడు డాలరు పదమూడు రూపాయల దగ్గర ఉండేది, ఇప్పుడు ఎనభై దాటింది. దాంతో రూపాయల్లో పదహారింతలైన మా మద్దతు ధర డాలర్లలో బక్కచిక్కి కనిపిస్తుంది. రూపాయి పడిపోయినందుకు భారతదేశం లోలోపల సంతోషించే కాగితం ఈ భూమ్మీద ఇదొక్కటే. అమెరికా ఊరుకుంటుందా? రూపాయల్లోనే చూడాలంది. కొన్న వడ్లకే లెక్క వేయాలి అని ఢిల్లీ అంటే, పండినవన్నీ కలపాలి అని వాషింగ్టన్ అంది. 2018 మేలో అది వేసిన లెక్క ప్రకారం బియ్యం మీద మా మద్దతు 70 శాతం పైమాటే! మేం పంపిన లెక్కలో 2018–19కి 4,367 కోట్ల డాలర్ల విలువైన పంటకు 500 కోట్ల డాలర్ల మద్దతు. అదీ పది శాతం దాటింది. దాటామని మేమే ఒప్పుకుని, శాంతి నిబంధన అనే గొడుగు తెరిచాం. దాన్ని తెరిచిన మొట్టమొదటి దేశం మాదేనట.

ఆ శాంతి నిబంధన కథ తమరికి తెలియనిది కాదు. 2013 డిసెంబర్‌లో బాలిలో పుట్టింది. మా తెలంగాణ కన్నా ఆరు నెలలు పెద్దది. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఎవరూ కేసు వేయకూడదని దాని సారాంశం. సంస్థ పదకొండో మంత్రుల సభలోపు పరిష్కారం చూస్తామన్నారు. 2014 జూలైలో మా దేశం అడ్డం తిరిగి, కస్టమ్స్ పనులు సులువు చేసే ఒప్పందానికే బ్రేకు వేసింది. 'ఎదుగుతున్న శక్తి' తన బలం చూపడమంటే అదీ. నవంబర్‌కల్లా శాంతి నిబంధనకు గడువు లేదని రాయించుకుని వచ్చింది. ఆ తర్వాత నైరోబి అయింది. పదకొండో సభ బ్యూనస్ ఎయిర్స్‌లో 2017లో అయింది. జెనీవా అయింది, అబుదాబి అయింది. మంత్రులు వెళ్లారు, వచ్చారు, విమానాశ్రయంలో 'రైతు కోసం రాజీ పడలేదు' అన్నారు. నిజమే, పడలేదు. తమరూ పడలేదు.

అయితే ఆ గొడుగు కింద చోటున్నది తిండిగింజలకే. పత్తికి లేదు. మా మార్కెట్‌కు పత్తి తెల్లబంగారం అని బోర్డు మీద రాస్తారు గానీ, జెనీవాలో దానికి తలదాచుకునే నీడ లేదు. 2018 నవంబర్‌లో అమెరికా పత్తి మీదా లెక్క తీసింది. మా మద్దతు 53 నుంచి 81 శాతం దాకా ఉందని తేల్చింది. ఈ మాట అంటున్నది ఎవరు? తన పత్తి రైతుకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ వేసిన కేసులో ఓడిపోయి, ఆ సబ్సిడీ ఆపడానికి మనసొప్పక, 2010 నుంచి బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకు ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్ల చొప్పున కట్టిన దేశం. చివరికి 2014లో ఇంకో 30 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు తెంపుకుంది. తన రైతుకూ ఇచ్చింది, ఫిర్యాదు చేసిన దేశం రైతుకూ ఇచ్చింది. 1997–98లో మా వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా పురుగుల మందు తాగి చనిపోతున్నప్పుడు ఇలాంటి డబ్బు ఏ దేశం నుంచీ రాలేదు. ఆ ఊళ్ల పేర్లు నేను ఇక్కడ రాయను, తమరి లెక్కలో వాటికి కాలమ్ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తమరి మీద నాకు కోపం ఎంత ఉందో, తమరిని సాకుతున్నవాళ్ల మీద అంతకంటే ఎక్కువ ఉంది. 2025 ఆగస్టు 7న ప్రధానమంత్రి ఢిల్లీలో వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ శతజయంతి సభలో రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడబోమన్నారు. చప్పట్లు మోగాయి, నేనూ కొట్టాను. అదే నెల 19 నుంచి విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించారు. సరిగ్గా మా రైతు ఏరిన పత్తి మూటగట్టుకుని మార్కెట్‌కు వచ్చే నెలలవి. ఈ సుంకం ఎత్తేయమని తమరు చెప్పలేదు, అమెరికా కేసు వేసి గెలవలేదు. మావాళ్లే చేశారు, బట్టల మిల్లుల కోసం. జెనీవాలో గోడలా నిలబడ్డవాళ్లు ఇంటి తలుపు గడియ తామే తీశారు.

ఆ సీజన్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో నేను చూసింది చెబుతాను. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ట్రాలీ పత్తిలో కొనుగోలు కేంద్రం కుర్రాడు తేమ మిషన్ ముల్లు గుచ్చాడు. అంకె 13 దాటింది. ఎనిమిది శాతం ఉంటే మద్దతు ధర పూర్తిగా వస్తుంది. పన్నెండు దాకా కోత పెట్టి కొంటారు. ఆపైన కొనరు. క్వింటాల్‌కు 8,110 రూపాయలన్న మద్దతు ధర ఆ ముల్లు దగ్గరే ఆగిపోయింది. "మొన్న గీ మిషనే పదకొండు అన్నది గద బిడ్డా, రాత్రి మంచు కురిస్తె నేనేం జేత్తు?" అంది అవ్వ. కుర్రాడు మళ్లీ గుచ్చాడు. 13.2. ఇంకో మూల గుచ్చాడు. 12.8. "యాప్‌ల స్లాట్ మళ్లీ బుక్ చేస్కో అవ్వా, ఆరవోసి తీస్కరా" అన్నాడు, పాపం మర్యాదగానే. ట్రాలీ అద్దె ఎవరిస్తారని అవ్వ అడగలేదు. గేటు బయట ప్రైవేటు ఖరీదుదారు ఒకాయన అప్పటికే ఆమె వైపు నడుస్తున్నాడు.

ఆ అవ్వ పత్తినే తమరు 53 నుంచి 81 శాతం సబ్సిడీ తిన్న పత్తి అంటున్నారు.

మా దేశం సంగతీ చెప్పుకోవాలి. 1947లో, ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న గాట్ ఒప్పందంలో మొదటి నుంచీ ఉన్న 23 దేశాల్లో మాదీ ఒకటి. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో నూటికి నలభై పాళ్లు మావే. 2023లో జీ20 సభ పెట్టినప్పుడు ఢిల్లీ గోడలన్నీ మెరిశాయి. ఆ ఏడు జూలైలోనే బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేస్తే ప్రపంచమంతా ధరలు ఎగిశాయి. ఇంత చేయగలిగిన దేశం జెనీవా గుమ్మం దగ్గరకు రాగానే 'పేదవాళ్లం, వదిలేయండి' అంటుంది. అక్కడ తమది అభివృద్ధి చెందుతున్న దేశమని, ఆ హోదాకున్న రాయితీలు తమకు కావాలని ఎవరికి వారే చెప్పుకోవచ్చు. కొత్త ఒప్పందాల్లో ఆ రాయితీలు ఇక అడగబోనని చైనా 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది కూడా. పేదవాళ్లం అన్నది అబద్ధం కాదు, పరకాల రైతుకు రెండెకరాలుంటే గొప్ప. కానీ ఫ్లెక్సీ మీద ఒక దేశం, అర్జీ మీద ఇంకో దేశం ఉంటే థాయిలాండ్ లాంటి బియ్యం దేశాలకు నోరెత్తే సందు మనమే ఇచ్చినట్టు.

తమరికి నచ్చే దారీ మా పక్కనే మొదలైందని తెలుసా? 2018 మేలో హుజూరాబాద్‌లో రైతుబంధు ప్రారంభించారు. ఎకరానికి ఇంత అని డబ్బు, ధరతో పని లేదు, ఏం పండించావని అడగరు. జెనీవా పెద్దలు ఏళ్లుగా పాఠం చెప్పే పద్ధతికి దగ్గరదే. ఇప్పుడు రైతు భరోసా పేరుతో సీజన్‌కు 6,000. బాగుంది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. సేద్యం చేసే కౌలు రైతు మాత్రం చేతిలో పాస్‌బుక్ లేక చూస్తూ ఉంటాడు. వాణిజ్యాన్ని వక్రీకరించని సబ్సిడీ అంటే కష్టపడ్డవాడి జోలికి పోనిదే కాబోలు.

చక్కెర సంగతి రెండు ముక్కల్లో. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన కేసులో 2014–15 నుంచి 2018–19 దాకా మేం చెరకుకు పరిమితికి మించి మద్దతిచ్చామని 2021 డిసెంబర్‌లో తీర్పొచ్చింది. ఆ 2015లోనే మా బోధన్ నిజాం షుగర్స్ మూతబడింది. మావాళ్లు అప్పీలు వేశారు. ఎవరికి? 2019 డిసెంబర్ నుంచి కేసు వినడానికి చాలినంతమంది సభ్యులు లేని, 2020 చివరికి ఒక్కరు కూడా మిగలని అప్పీలు ధర్మాసనానికి. అమెరికా నియామకాలు ఆపేసి దాన్ని ఖాళీ చేసింది, మేం ఆ ఖాళీలో కాగితం వేసి వచ్చాం. తీర్పు అమలు కాదు, కేసు తెగదు. సంస్థను సంస్కరించాలని ప్రతి సభలో ఉపన్యసించే దేశానికి అది పాడై ఉండటం కూడా అప్పుడప్పుడు అక్కరకొస్తుంది.

కాబట్టి తమరిని దిగిపొమ్మని అడగను. అడిగినా తమరు దిగరు, దింపేవారికి తొందరా లేదు. తమరుండగా వాషింగ్టన్‌కు మమ్మల్ని తిట్టడానికి అంకె దొరుకుతుంది, ఢిల్లీకి రైతు కోసం పోరాడుతున్నామని చెప్పడానికి శత్రువు దొరుకుతాడు. తమరు పోయిననాడు మద్దతు ధర ముల్లు దగ్గర ఎందుకు ఆగుతోందని అవ్వ అడిగితే జెనీవా పేరు చెప్పడానికి ఉండదు.

నా విన్నపం చిన్నది. ఒక్కసారి ఎనుమాముల రండి. మా దుకాణంలో దిగండి, చాయ్ మాది. కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయిని, హమాలీలను పరిచయం చేస్తాను. రైతు కూడా ఉంటాడు, తమరు నోరు తెరిచి ధర చెప్పండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు. శని, ఆదివారాలు మాత్రం రాకండి, మార్కెట్ బంద్.

ఇట్లు,
అడ్తి దుకాణం గుమస్తా,
ఎనుమాముల, వరంగల్.

తా.క. టీఏ, డీఏ బిల్లు రూపాయల్లో పెడతారా, డాలర్లలోనా ముందే తెలియజేయగలరు.