లూసీ వేషం ఎవరూ వేయరేం?

జులై నెలాఖరు వచ్చిందంటే చాలు, నా ఫోన్ నిండా ఒకటే రకం ఫొటోలు. నిక్కబొడుచుకున్న తెల్ల జుట్టు, నల్ల కోటు, చేతులకు గ్లవ్స్, ఓరగా ఒక నవ్వు. 'ది లాస్ట్ బాయ్స్' పుట్టినరోజు మరి. 1987 జులై 31న విడుదలైన సినిమా. ఏటా ఆ తేదీ దగ్గరపడగానే ఫ్యాన్స్ అంతా డేవిడ్‌లైపోతారు. అంటే కీఫర్ సదర్లాండ్ వేసిన వ్యాంపైర్ కుర్రాడు, మోటార్‌సైకిల్ ముఠాకి నాయకుడు. వాళ్లని నేనేమీ వెక్కిరించడం లేదు, నేనూ ఆ బాపతే. ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. కానీ ఒక్క విషయం ఏళ్లుగా లోపల నలుగుతోంది. ఇవాళ కక్కేస్తాను.

మనం దండ వేరే మనిషి మెడలో వేస్తున్నాం.

(సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, చివరి మలుపు చెప్పేయబోతున్నాను. అయినా ఇన్నేళ్లు ఆగినవాళ్లు ఇంకేం చూస్తారులెండి.)

ఒక వేసవిలో శాంటా క్రూజ్ వెళ్లాను. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. సినిమాలో శాంటా కార్లా అని పేరు మార్చి చూపించింది ఈ ఊరినే. అక్కడి బోర్డ్‌వాక్‌లో, అంటే తీరం వెంబడి ఆటలు, రంగులరాట్నాలు ఉండే చోట, వేసవి రాత్రుళ్లు ఇసుకలోనే తెర కట్టి ఉచితంగా సినిమాలు వేస్తుంటారు. నేను వెళ్లిన రాత్రి ఈ సినిమానే వేశారు. తెర మీద కనిపించే ఆ రోలర్ కోస్టర్, 1924 నాటి జెయింట్ డిప్పర్, అక్కడే మన పక్కన నిలబడి ఉంటుంది. తెర వంక చూడాలో దాని వంక చూడాలో తెలియదు. వేసవే కదా అని పల్చటి చొక్కా వేసుకుని వెళ్లి, పసిఫిక్ గాలికి సినిమా అంతసేపూ వణికాను, అది వేరే కథ.

నా చుట్టూ తక్కువలో తక్కువ పదిమంది డేవిడ్‌లు. తలకి ఎర్ర గుడ్డ కట్టుకున్న ఎడ్గర్ ఫ్రాగ్‌లు (సినిమాలో వ్యాంపైర్లని వేటాడే కుర్రాడు) ముగ్గురు. సాక్సఫోన్ మనిషి వేషం కూడా ఒకరు వేశారు, ఒంటికి నూనె పూసుకుని, మెడలో గొలుసుతో, ఆ చలిలో చొక్కా లేకుండా! సినిమాలో ఆ సాక్సఫోన్ వాయించిన టిమ్ కపెల్లో తెర మీద కనిపించేది కాసేపే. అయినా ఆ రాత్రి ఆయనకి పడినన్ని ఈలలు ఇంకెవరికీ పడలేదు. సినిమాలో శామ్ అనే కుర్రాడి కుక్క నానూక్ పేరు చెప్పి ఎవరో తమ కుక్కని కూడా తెచ్చారు. లూసీ మాత్రం ఒక్కరూ లేరు.

లూసీ ఎవరు అని అడుగుతారేమోనని భయంగానే ఉంది. మైకేల్, శామ్‌ల అమ్మ. విడాకులయ్యాక ఇద్దరు కొడుకుల్ని కారులో వేసుకుని, ఫీనిక్స్ వదిలి పుట్టింటికి చేరిన మనిషి. ఆ పాత్ర వేసింది డయాన్ వీస్ట్. 'హానా అండ్ హర్ సిస్టర్స్'కి ఆవిడ ఆస్కార్ అందుకున్న నాలుగు నెలలకే ఈ సినిమా వచ్చింది.

ఊళ్లో దిగిన కొత్తలో లూసీ ఏం చేస్తుందో గుర్తుందా? బోర్డ్‌వాక్ దగ్గర ఒక చిన్న పిల్లాడు తప్పిపోయి కనిపిస్తాడు. వాణ్ణి వెంటపెట్టుకుని వీడియో షాపులోకి వెళ్తుంది, వాళ్లమ్మ అక్కడ ఉందేమో అడుగుదామని. తల్లి దొరుకుతుంది. షాపు యజమాని మ్యాక్స్ ఇదంతా చూస్తాడు. కళ్లద్దాలు, మెత్తటి మాట, అచ్చం బ్యాంకు మేనేజర్‌లా ఉంటాడు. లూసీకి ఉద్యోగం ఇస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఇదేదో కథ నడపడానికి పెట్టిన చిన్న సీన్ అనుకుని వదిలేస్తాం. రెండోసారి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సినిమా పేరే తప్పిపోయిన పిల్లలు అని. తప్పిపోయిన పిల్లాణ్ణి తల్లి దగ్గరికి చేర్చే మనిషి ఆ ఊళ్లోకి అడుగుపెట్టింది, మ్యాక్స్ కన్ను పడింది. అసలు కథ మొదలైంది అక్కడ.

ఆ పేరు 'పీటర్ పాన్' నుంచి తీసుకున్నది. 1904 నాటి ఆ నాటకంలో కూడా పెద్దవాళ్లు కాని పిల్లల ముఠా ఒకటి ఉంటుంది. వాళ్లకి వెండీ అనే అమ్మాయి కావలసింది అమ్మగా. సినిమాలో మొదట అనుకున్న కథలో వ్యాంపైర్లు కూడా చిన్నపిల్లలేనట. దర్శకుడు జోయెల్ షూమాకర్ వాళ్ల వయసు పెంచి, తోలు జాకెట్లు తొడిగి, మోటార్‌సైకిళ్లు ఎక్కించాడు. మనకి ఆ జాకెట్లే కనిపించాయి.

చివరికి తేలేది ఏమిటి? ముఠాకి పెద్ద డేవిడ్ కాదు, మ్యాక్స్. డేవిడ్ చేత మైకేల్‌కి సీసాలో రక్తం తాగించి వ్యాంపైర్ల దారి పట్టించింది కూడా లూసీ కోసమే. కొడుకులిద్దరూ ముందు తన కుటుంబంలో కలిసిపోతే తల్లి ఇక కాదనలేదని అతని లెక్క. పిల్లలకు అమ్మ కావాలి అంటాడు, చాలా సీరియస్‌గా. పెళ్లి సంబంధం కుదుర్చుకోవడానికి ఇంత రక్తపాతం! అంటే మీరు అంత ముచ్చటపడి జుట్టుకి రంగేసుకుని మరీ వేస్తున్న డేవిడ్ ఎవరయ్యా అంటే, అమ్మ లేని ఇంట్లో నాన్న చెప్పిన పని చేసిపెట్టే పెద్దకొడుకు.

ఇంకో సంగతి చూడండి. ఆ ఊళ్లో పెద్దవాళ్లెవరూ మెలకువగా లేరు. ఫ్రాగ్ అన్నదమ్ముల తల్లిదండ్రులు సొంత కామిక్స్ షాపులోనే జోగుతూ ఉంటారు. గోడల నిండా కనిపించకుండా పోయినవాళ్ల పోస్టర్లు. ఇంత ఊళ్లో కొడుకు ఫోన్ చేసి భయంగా ఉందంటే, భోజనం మధ్యలో లేచి ఇంటికి పరిగెత్తేది లూసీ ఒక్కతే. ఫ్యాన్స్ అందరికీ కంఠతా వచ్చిన డైలాగ్ తీసుకోండి. అన్న వ్యాంపైర్ అయిపోయాడని తెలిసిన క్షణంలో శామ్ అరిచేది ఏమిటి? ఉండు, అమ్మకి తెలియనీ నీ పని చెప్తాను అని. ఇసుకలో కూర్చున్న జనమంతా తెరతో పాటు అదే అరిచారు, నవ్వారు. ఆ అమ్మ ఎవరో మాత్రం ఎవరికీ పట్టలేదు.

'ఇది స్టైల్ సినిమా, నువ్వు మరీ లోతుకి వెళ్తున్నావు' అని ఒక మిత్రుడు అంటుంటాడు. ఒప్పుకుంటాను. ఆ పాటలు, ఆ పొగమంచు, ఆ బైకులు లేకపోతే నేను కూడా రెండోసారి చూసేవాణ్ణి కాదు. ముసలితనం లేదు, చావు లేదు అని పోస్టర్ మీద వేసిన మాటని జనం టీషర్టుల మీద వేసుకుంటే నాకేమీ బాధ లేదు. కాకపోతే శామ్‌గా వేసిన కోరీ హేమ్ 2010లో 38 ఏళ్లకే పోయాడు. ఆ టీషర్టు కనిపించినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది, ఏం చేయను. 2008లోనూ 2010లోనూ వచ్చిన రెండు కొనసాగింపుల గురించి మాట్లాడకపోవడమే మర్యాద. వాటిలో లూసీ లేదు. ఊరికే చెప్తున్నానంతే.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఆ రాత్రి క్లైమాక్స్ దగ్గర. డేవిడ్ జింక కొమ్ముల మీద పడగానే చప్పట్లు మోగాయి. ఆ తర్వాత మ్యాక్స్ శామ్‌ని పట్టుకుంటాడు. లూసీ ముఖం ఒక్కసారి చూడండి. అరవదు, బతిమాలదు. పిల్లాణ్ణి వదిలేస్తాడంటే తనే వెళ్లడానికి సిద్ధపడి అతని వైపు నడుస్తుంది. ఈ సినిమాలో నిజంగా ధైర్యమైన పని అదొక్కటే అని నా లెక్క. సరిగ్గా అప్పుడే నా ముందు వరసలో ఇద్దరు డేవిడ్‌లు లేచి నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. నాకు ఆవిడ ముఖం కనిపించలేదు, రెండు తెల్ల జుట్లు కనిపించాయి. వాళ్లు కూర్చునేసరికి లూసీ నాన్న, అంటే పిల్లల తాతగారి బండి గోడ బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చేసింది.

ఈసారి నేను లూసీగా వెళ్తున్నాను. మీసం ఉంది, అయినా సరే. చేతిలో రెండు వీడియో క్యాసెట్లు పట్టుకుంటాను. ఎవరో చెప్పుకోండి అని అందరినీ అడుగుతాను. ఒక్కరూ గుర్తుపట్టకపోతే ఆ క్యాసెట్లు ఇసుకలో గుచ్చి కూర్చుంటాను. స్వెటర్ మాత్రం మర్చిపోను.