బెత్తెడు తేడాతో శిఖరాగ్రం

ఎవరెస్టు ఎక్కినవాడికి దండలూ డప్పులూ! డెన్మార్క్ మొత్తానికి ఎత్తైన మొల్లెహోయ్ కొండ ఎక్కి దిగినవాడికి మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. దాని ఎత్తు 170.86 మీటర్లు. ఎత్తు తగ్గేకొద్దీ సెంటీమీటర్ల మీద మమకారం పెరుగుతుంది, అందులో తప్పేముంది?

ఈ పదవి ఊరికే రాలేదు. ఒకప్పుడు హిమ్మెల్‌బ్యెర్గెట్ అనే కొండదే ఆ గౌరవం. 1847లో కొలిచి చూస్తే 147 మీటర్లే తేలింది. అయినా 1875లో దాని నెత్తిన పాతిక మీటర్ల ఇటుక టవర్ కట్టారు. పదవి పోయిన పెద్దమనిషికి తలపాగా లాంటిదన్నమాట.

తర్వాత గొడవంతా ఎయర్ బావ్నెహోయ్, యూడింగ్ స్కౌహోయ్ అనే రెండు కొండల మధ్య. నిజానికి యూడింగ్ గెలవాలి, 172.54 మీటర్లు మరి! కానీ పైనున్నది కంచుయుగం నాటి సమాధి దిబ్బ. మూడు వేల ఏళ్ల కిందట ఎవరో పోతే నలుగురూ మట్టి మోసి పోశారు పాపం. మనుషులు పోసిన మట్టి లెక్కలోకి రాదు పొమ్మన్నారు. చచ్చినవాడి మీద పోసిన మట్టికీ అనర్హత వేటు! అది తీసేస్తే మిగిలింది 170.77.

ఎయర్ బావ్నెహోయ్ వాళ్లది ఇంకో కథ. 1920లో దక్షిణ జట్లాండ్ తిరిగి దేశంలో కలిసిందన్న ఆనందంతో 1924లో అక్కడ 13 మీటర్ల టవర్ కట్టారు. జనం టవరెక్కి కనుచూపు మేరా దేశాన్ని చూసి మురిసిపోయారు. కూతవేటు దూరంలో, పొలంలో, తమ కొండకన్నా మూరెడు ఎత్తున్న నేల మాత్రం ఎనభై ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదు. 2005లో కొలిస్తే అదే మొల్లెహోయ్ అని తేలింది.

1917 వరకు అక్కడ గాలిమర తిరిగేది. దాని తిరగలిరాయే నేటి శిఖరచిహ్నం. ఆక్సిజన్ సిలిండర్లు అక్కర్లేదు, బూట్లకు పేడ అంటకుండా చూసుకుంటే చాలు.

డెన్మార్క్‌లోనే ఉన్న గ్రేట్ బెల్ట్ వంతెన స్తంభాలు సముద్రం మీద 254 మీటర్లు లేచి నిలబడ్డా, మనుషులు కట్టినవే గనక వాటికీ సమాధికి పట్టిన గతే పట్టింది. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్‌లో మూడున్నర వేల మీటర్లు దాటిన శిఖరం ఉంది, కానీ దాన్ని ఈ పోటీలోకి దించరు. పెద్ద మనసంటే అదీ!

యూడింగ్ పక్షాన నా విన్నపం ఒక్కటే. తేడా బెత్తెడే కాబట్టి మరోసారి కొలవాలి. గడ్డి కోశాక కొలుస్తారా, కోయకముందా అన్నది మాత్రం ఈసారి ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి.