ఫాదర్ కోర్దూకు మనం పడ్డ బాకీ

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టిన భాషలని చెప్పినది ఎవరంటే చాలామంది ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ పేరే చెబుతారు. 1786 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆయన చేసిన ప్రసంగం అంత ప్రసిద్ధం. దానికి 19 ఏళ్ల ముందే, 1767లో, పాండిచ్చేరి నుంచి ఒక కథోలిక గురువు ఇదే సంగతి పారిస్‌కు రాసి పంపాడు. ఆయన జెస్యూట్లనే కథోలిక గురువుల సభకు చెందిన ఫ్రెంచి మిషనరీ గాస్టన్ లారెంట్ కోర్దూ. తెలుగు నేర్చుకుని తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చిన మనిషి. బ్రౌన్ దొరను తరతరాలుగా తలచుకుంటున్న తెలుగువాళ్లలో కోర్దూ పేరు విన్నవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరేమో. నన్ను బాధపెట్టే విషయం ఇది.

ఆయన 1691లో ఫ్రాన్స్‌లోని బూర్జ్ నగరంలో పుట్టాడు. 1732లో ఇక్కడికి వచ్చాడు. 1779లో పాండిచ్చేరిలో కన్నుమూశాడు. ఆయన చేరిన కర్ణాటక మిషన్‌లో (పేరు అదైనా పనిచేసింది తెలుగు, తమిళ సీమల్లో) గురువులు సన్యాసుల్లా బట్టలు కట్టి, మాంసం మానేసి, ఊరివాళ్ల భాషలోనే బోధించేవారు. నేర్చుకోకపోతే నోరు పెగలదు, నోరు పెగలకపోతే బోధ లేదు. నిఘంటువు పుట్టింది ఆ అవసరంలోంచే. అయితే అవసరం తీరాక కూడా ఆయన ఆగలేదు.

1767 నాటి లేఖలో కోర్దూ ఒక ప్రశ్న వేసుకున్నాడు. సంస్కృతంలో లాటిన్, గ్రీకు మాటలు ఇన్ని ఎలా కలిశాయి? దానం అన్నదానికి లాటిన్‌లో దోనుమ్. విధవకు విదువా. మధ్యమ్‌కు మెదియుమ్. అస్మి, అసి, అస్తి అని మనం వల్లించేది అక్కడ సుమ్, ఎస్, ఎస్త్ అవుతుంది. పోలికలు అంతకుముందు కూడా ఒకరిద్దరు గమనించారు. వర్తకం వల్ల కలిశాయా, దండయాత్రల వల్లా, మతం వల్లా అని ఒక్కొక్క కారణాన్నీ ఎత్తి తూచి పక్కనపెట్టడం కోర్దూ చేసిన పని. వర్తకులు మిరియాల పేరు మోసుకుపోవచ్చు. అంకెలను, సర్వనామాలను, ‘ఉన్నాను’ అనే క్రియను ఎవరూ అంత తేలిగ్గా అరువు తెచ్చుకోరు. కాబట్టి ఇది చుట్టరికమే అన్నాడు. ఆ చుట్టరికాన్ని బైబిల్లోని నోవహు కొడుకు యాపెతు సంతతికి ముడిపెట్టాడు. ఆ ముడి ఈరోజు నిలవదు. అక్కడిదాకా నడిపించిన తర్కం మాత్రం నేటికీ భాషాశాస్త్రం తొక్కుతున్న దారే.

పారిస్‌లోని పండితుల అకాడమీ ఆ లేఖను అచ్చు వేసింది 1808లో. అప్పటికి రాసిన మనిషి పోయి 29 ఏళ్లు. జోన్స్ పేరు స్థిరపడిపోయింది.

రెండో అన్యాయం ఇంకా పెద్దది. 1773లో పోపు జెస్యూట్ సభనే రద్దు చేశాడు. 81 ఏళ్ల వయసులో కోర్దూకు, జీవితమంతా ధారపోసిన సభ లేకుండా పోయింది. అలాంటి చివరి సంవత్సరాల్లో హిందువుల ఆచార వ్యవహారాల మీద ఆయన రాసిన పెద్ద రాతప్రతి చేతులు మారింది. ఆబే దుబోయ్ అనే మరో ఫ్రెంచి మిషనరీ 1807లో తన రచనగా ఈస్టిండియా కంపెనీకి అమ్మిన గ్రంథం, 1816లో ఇంగ్లీషులో వెలువడి నేటికీ ఉటంకింపులకెక్కే గ్రంథం, చాలామటుకు కోర్దూ రాతల మీద కట్టినదని 1987లో సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు నిరూపించింది.

ఇక్కడిదాకా కోర్దూ పక్షాన మాట్లాడాను. ఆయన పక్షాన మాత్రమే మాట్లాడితే సగం నిజమే చెప్పినవాడినవుతాను.

1742 జనవరి 18న ఆయన రాసిన లేఖ ఒకటుంది. చీటీ గుడ్డలకు, అంటే అద్దకపు నూలు బట్టలకు, మన అద్దకంవాళ్లు రంగులు ఎలా వేస్తారో పూసగుచ్చినట్టు వివరించిన లేఖ అది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టడం, గీతలు తీసిన కాగితానికి సూదితో చిల్లులు పొడిచి బొగ్గుపొడి అద్ది నమూనా దించడం, ఇనుమును ఊరబెట్టి నలుపు తీయడం, ఎరుపు పట్టాలంటే ముందు పటిక పూయడం, నీలిమందులో ముంచేముందు నీలం అంటకూడని చోట మైనం పట్టించడం, అన్నీ వరుసగా ఉన్నాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాడి ముందు కూర్చుని చూస్తే కరక్కాయ, పాలు, పటిక ఇప్పటికీ అదే వరుసలో కనిపిస్తాయి. పాలలో నాని ఆరిన గుడ్డ మీద పుల్ల కలం గీసిన గీత కళ్లముందే నల్లబడుతుంది. 280 ఏళ్ల కిందటి ఫ్రెంచి ఉత్తరం ఆ పనివాడి చేతిని వర్ణిస్తున్నట్టే ఉంటుంది.

అయితే ఆ ఉత్తరం ఎందుకు వెళ్లింది? ఫ్రాన్స్‌లో 1686 నుంచి 1759 దాకా మన అద్దకపు బట్టల మీద నిషేధం ఉంది. జనం వాటికోసం వెర్రెత్తిపోయారు కనుకనే ఆ నిషేధం. ఆ రంగుల గుట్టు తెలిస్తే యూరప్‌లోనే తయారుచేసుకోవచ్చు. తన లేఖ అక్కడి పనివాళ్లకు అక్కరకొస్తుందని కోర్దూ దాపరికం లేకుండానే రాశాడు. సమాచారం ఇచ్చింది ఎవరో కూడా ఆయనే చెప్పాడు: కొత్తగా జ్ఞానస్నానం పొందిన అద్దకంవాళ్లు. తమ పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువు వచ్చి అడిగితే కులవృత్తి మర్మం చెప్పనని ఏ విశ్వాసి అనగలడు? కోర్దూ దొంగ అని నేను అనను. ఆ ప్రశ్నకు కాదనే వీలు లేదన్నది ఆయనకు తట్టినట్టు లేదు, అంతే. కులం విషయంలోనూ ఆ మిషన్‌ది ఇదే గుడ్డితనం. దళిత రోగుల ఇళ్లకు వెళ్లి క్రైస్తవ సంస్కారాలు ఇవ్వాల్సిందేనని పోపు 1744లో ఆదేశిస్తే, వాళ్లకు వేరే గురువులను కేటాయించి సరిపెట్టారు.

కోర్దూకు జరిగిన అన్యాయం సరిదిద్దడానికి ఒక పరిశోధకురాలు వచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే ఆయన నిఘంటువును చక్కగా పరిష్కరించి అచ్చు వేయవచ్చు. 18వ శతాబ్దపు తెలుగు మాటలకు అంతకు మించిన సాక్ష్యం దొరకడం కష్టం. వేయాలి కూడా. ఆ పని చేసేవాళ్లు 1742 లేఖను కూడా పక్కన పెట్టుకోవాలని నా కోరిక. ఆ అద్దకంవాళ్లను తాను వేర్వేరుగా, వేర్వేరు సమయాల్లో అడిగానని, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరితో పోల్చి చూసుకున్నానని ఆయన అందులో రాశాడు. ఎంత జాగ్రత్త! అంత జాగ్రత్తగా అడిగి రాసుకున్న మనిషి, చెప్పినవాళ్లలో ఒక్కరి పేరూ రాయలేదు.