స్కూలు భోజనంతో గ్రీన్‌కార్డు పోతుందా? ‘కాంగ్రెస్ ఆఫీసు చెప్పింది’ అంటున్న మెసేజ్‌లో తప్పులు

“మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు చెప్పింది” అని తోక తగిలించుకుని (కాంగ్రెస్ అంటే ఇక్కడ అమెరికా పార్లమెంటు) ఒక మెసేజ్ అమెరికా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అందులో నాలుగు మాటలున్నాయి. పిల్లలు స్కూల్లో ఉచిత భోజనం తింటే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు రాదట. కార్డున్న అమ్మానాన్నలు ఆరు నెలలకోసారి వచ్చిపోతే చాలట, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు కాగితం ఇస్తే మాత్రం సంతకం పెట్టేయాలట. కార్డు ఫొటో ఫోన్లో ఉంటే సరిపోతుందట. ఆగిన గ్రీన్‌కార్డును కాంగ్రెస్ ఆఫీసు తెప్పించేస్తుందట. నాలుగూ తప్పే. మొదటిది అక్కర్లేని భయం పెడుతుంది, మిగతావి అక్కర్లేని ధీమా ఇస్తాయి.

భోజనం సంగతి ముందు. ప్రభుత్వానికి భారమవుతారా అని చూసే పరీక్షను పబ్లిక్ చార్జ్ అంటారు. 2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన నిబంధన లెక్కలోకి తీసుకునేవి రెండే: బతుకుతెరువు కోసం ఇచ్చే నగదు సాయం (ఎస్‌ఎస్‌ఐ, టానిఫ్, రాష్ట్రాల జనరల్ అసిస్టెన్స్), ప్రభుత్వ ఖర్చుతో నర్సింగ్ హోమ్ లాంటి చోట దీర్ఘకాలం ఉండటం. స్కూలు భోజనం, విక్ (తల్లులకు, పసిపిల్లలకు పోషకాహార సాయం), స్నాప్ (ఫుడ్ స్టాంపులు), చిప్ (పిల్లల ఆరోగ్య బీమా), మామూలు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) అందులో లేవు. ఇక్కడ పుట్టిన బిడ్డకు వచ్చే సాయం తల్లిదండ్రుల ఖాతాలో పడదు. ఈ నిబంధనను ఎత్తేస్తామని 2025 నవంబరులో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదించింది. ప్రతిపాదన వేరు, అమలు వేరు. అమెరికాలో ఉండి గ్రీన్‌కార్డుకు వేసే ఐ-485 దరఖాస్తు పంపే రోజున యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) సైట్లో పబ్లిక్ చార్జ్ పేజీ చూసుకోండి. సిటిజన్‌షిప్‌కు వేసే ఎన్-400కి, కార్డు రెన్యువల్ ఐ-90కి ఈ పరీక్షే ఉండదు.

మెసేజ్ వదిలేసిన అసలు చిక్కు అర్హత. గ్రీన్‌కార్డు మీద కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకు ఫెడరల్ మెడికెయిడ్, స్నాప్ సాధారణంగా మొదటి ఐదేళ్లు దొరకవు. ఎస్‌ఎస్‌ఐకి ఆపైన 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క కూడా అడుగుతారు. స్పాన్సర్‌గా పోషిస్తానని హామీ ఇచ్చే ఐ-864 మీద సంతకం పెట్టిన కొడుకు లేదా కూతురి ఆదాయాన్నీ అర్హత చూసేటప్పుడు కలపొచ్చు.

ఇక ఎయిర్‌పోర్టు. ఆరు నెలల సూత్రం చట్టంలో రక్షణేమీ కాదు. 180 రోజులు దాటి బయట ఉంటే కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా చూడొచ్చు, ఏడాది దాటితే కార్డొక్కటే చూపి రావడం కుదరదు. ఒక్కో ప్రయాణం 180 రోజుల లోపే ఉన్నా, ఏడాదిలో పది నెలలు ఇండియాలో గడిపి మధ్యలో రెండు వారాలు ఇక్కడ తలచూపిస్తే ‘మీ ఇల్లెక్కడ?’ అన్న ప్రశ్న రానే వస్తుంది. దానికి జవాబు రెసిడెంట్‌గా వేసిన ట్యాక్స్ రిటర్న్, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు. నాన్‌రెసిడెంట్లు వేసే ట్యాక్స్ ఫారం 1040-ఎన్‌ఆర్ దాఖలు చేశారంటే నాన్‌రెసిడెంట్‌నని మీరే రాసిచ్చినట్టు. ఎక్కువకాలం ఉండాల్సి వస్తే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే, ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కు (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి పత్రం) అప్లై చేయాలి.

ఆఫీసరు ముందుకు తోసే కాగితం చాలాసార్లు ఐ-407. సంతకం పెట్టేముందు పైన మూలనున్న నంబరు చూడండి. శాశ్వత నివాస హోదాను ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాననే పత్రం అది. సంతకం తప్పనిసరి కాదు. ‘సంతకం పెట్టను, ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందుకు వెళ్తాను’ అని చెప్పొచ్చు, తెలుగు దుబాసీని అడగొచ్చు. అప్పుడు నోటీస్ టు అపియర్ (ఇమ్మిగ్రేషన్ కోర్టుకు రమ్మనే నోటీసు) ఇస్తారు. హోదా వదిలేశారని కోర్టులో రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. కార్డు తీసుకుంటే దాని బదులు హోదా రుజువు ఇమ్మని అడగాలి. గంటల తరబడి కూర్చోబెట్టొచ్చు, నిర్బంధంలోకి కూడా తీసుకోవచ్చు, కాబట్టి వకీలు నంబరు కాగితం మీద రాసి పెద్దవాళ్ల చేతిబ్యాగులో పెట్టండి. ఫోన్ చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు.

ఫోన్లో ఫొటో సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: 18 దాటిన గ్రీన్‌కార్డుదారు అసలు కార్డే దగ్గర ఉంచుకోవాలని చట్టం.

చివరిది, కాంగ్రెస్ ఆఫీసు. దాని చేతిలో ఉన్నది కేసు సంగతి వాకబు చేయడమే, ఆదేశించడం కాదు. సాయం అడగడానికి ఆ సభ్యుడి నియోజకవర్గంలో ఉంటే చాలు, సిటిజన్ కానక్కర్లేదు. ముందు యూఎస్‌సీఐఎస్ ప్రాసెసింగ్ టైమ్ దాటిందో లేదో చూడండి. దాటితే అక్కడే ఎంక్వైరీ వేసి, దానికొచ్చిన జవాబుతో కాంగ్రెస్ సభ్యుడి వెబ్‌సైట్లోని ప్రైవసీ రిలీజ్ ఫారం (మీ ఫైలు వివరాలు ఆ ఆఫీసుకు చెప్పొచ్చనే అనుమతి) నింపండి. యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన రసీదు నంబరులో మూడక్షరాలు, పది అంకెలు. ఒక్కటి తప్పినా ఫైలు దొరకదు. సంతకం దరఖాస్తుదారుదే కావాలి, భార్య బదులు భర్త పెడితే వెనక్కొస్తుంది. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకు వేసే ఐ-140 అయితే పిటిషన్ కంపెనీది, కాబట్టి సంతకమూ కంపెనీదే. ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానాన్ని చెప్పే తేదీ) వంతు రాకపోతే ఏ సభ్యుడూ ఏం చేయలేడు; కోటా గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి చట్టంలోనే ఉంది. ఇమ్మిగ్రేషన్ కోర్టు తీర్పుల్లోనూ వాళ్లు వేలు పెట్టరు. హౌస్ సభ్యుడు, సెనేటర్ ఇద్దరి దగ్గరా ఒకే కేసు పెట్టొద్దు, ఒక ఆఫీసునే పట్టుకోండి.