మెట్లకి గ్రానైట్ వేసినారు, టేపు మాత్రం ఎవరూ పట్టలేదు

ఇప్పుడే అమ్మ చీలమండకి పసుపూ సున్నం పట్టేసి వచ్చి కూర్చున్నా. అంగడి ఇంకా తెరవలా. తెరిచే మనసు కూడా లేదు.

పొద్దున అయిదింటికి అమ్మ ముగ్గుపిండి డబ్బా పట్టుకోని కిందికి దిగింది. బిల్డింగు గేటు ముందర ముగ్గు ఆమే వేస్తుంది, మేం ఈ ఫ్లాట్‌కి వచ్చిన రోజు నుంచీ. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బులు ఇవ్వలేదు. కింద ఆఖరి మెట్టు దగ్గర కాలు కిందికి వేసింది, నేల తగలాల్సిన చోట తగల్లేదు. మడమ మెలి తిరిగి ముందుకి పడింది. అరచేతులు గీరుకుపోయినాయి. నేను పరిగెత్తి పోయేటప్పటికి పార్కింగ్ అంతా తెల్లగా పిండి, మధ్యలో మా అమ్మ. ఎముకకి ఏమీ కాలేదు, అంతవరకు ఆ ఏడుకొండలవాడి దయ. ఆమె వయసు 68.

ఆ మెట్టు పోయిన ఆదివారం వరకు ఆమెకి ఎప్పుడూ మోసం చెయ్యలేదు. ఆదివారమే "మెట్ల పని" అయిపోయింది మరి.

మాది తిరుపతిలో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటు. కింద పార్కింగు, పైన మూడంతస్తులు. మెట్లకి కడప బండ. ముప్పై ఏండ్ల కాళ్లకి అంచులన్నీ గుండ్రంగా అయిపోయినాయి, మధ్యలో పల్లం పడి తడి గుడ్డ పెడితే నీళ్లు నిలుస్తా ఉండేవి. బాగు చెయ్యాల్సిందే. ఆ మాట అందరికంటే ముందు అన్నది నేనే. ఇంటికి ఇంత అని వసూలు చేస్తే మొదటి రోజే కట్టినా.

మా అపార్ట్‌మెంటు అసోసియేషనోళ్లు చేయించింది ఏందంటే, పాత బండ పీకలేదు. దాని మీదే అంగుళం సిమెంటు మాలు పోసి, ఆ మీద ముప్పాతిక అంగుళం గ్రానైట్ పరిచినారు. అంటే ప్రతి మెట్టూ ఒకటిముప్పావు అంగుళం పైకి లేచింది. అన్నీ సమానంగా లేస్తే తేడా ఏముంది అంటారు కదా? అసోసియేషన్ ప్రెసిడెంటు గారూ అదే అన్నారు. మెట్లన్నీ లేచినాయి సార్, నేల లేవలేదు! కింద పార్కింగు గచ్చు ఉన్న చోటే ఉంది. పైన వరండాలు ఉన్న చోటే ఉన్నాయి. పాతవి ప్రతి మెట్టూ ఆరున్నర అంగుళాలు. ఇప్పుడు ప్రతి అంతస్తులో మొదటి మెట్టు ఎనిమిదింపావు, ఆఖరిది నాలుగుముప్పావు. నడుమ ఉండేవన్నీ పాత ఆరున్నరే.

నేను కొలిచినా. టైలరింగ్ చేసేదాన్ని, మెళ్లో టేపు లేకుండా నేను నిద్రపోయే టైములో తప్ప ఉండను. అంతస్తుకి 18, మూడంతస్తులకి 54. ఆసుపత్రి నుంచి వచ్చినాక ఒక్కొక్కటీ కూర్చోని కొలిచినా. ఆరు తప్పు. జాకెట్టు చంక దగ్గర పావు అంగుళం తేడా వస్తే కస్టమరు మొహం మీదే చెప్తుంది, నేను విప్పి మళ్లీ కుట్టి ఇస్తా, పైసా తీసుకోను. గుడ్డకే అంత లెక్క ఉంటే, మనుషులు కాళ్లు పెట్టే రాయికి ఒకటిముప్పావు అంగుళం తేడా వస్తే అది లెక్కలోకి రాదా?

నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇండ్లల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదని చెప్తుంది, అంటే దగ్గర దగ్గర ఏడున్నర అంగుళాలు. మాది దాదాపు 210. కానీ నన్ను అడిగితే ఎత్తు కంటే పెద్ద తప్పు, అన్నీ ఒకే మాదిరి లేకపోవడం. రెండు మెట్లు ఎక్కేసరికి కాలికి లెక్క తెలిసిపోతుంది, ఆ తర్వాత కళ్లతో పని లేదు. చీకట్లో కూడా దిగుతాం. ఆ లెక్కని నమ్మే కదా బిందెలు మోసేది, పిల్లల్ని చంకనెత్తుకోని దిగేది. ఆరున్నర, ఆరున్నర, ఆరున్నర అని చెప్పి చెప్పి ఆఖర్న ఒక్కసారి ఎనిమిదింపావు పెడితే ఎవరైనా పడతారు. పైకి వచ్చేటప్పుడు బొటనవేలు కొట్టుకుంటుంది. వాటర్ క్యాన్ మోసే అబ్బోడు మంగళవారం రెండో అంతస్తు మొదట్లో తట్టుకున్నాడు, భుజం మీద 20 లీటర్లతో. ఆ పిల్లోడి వెనకాల ఎవరైనా ఉండుంటే?

మనం ఉండేది ఏ ఊర్లో? అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388 అని చిన్న పిల్లోళ్లు కూడా చెప్పే ఊర్లో. మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టి ఎక్కే ఆడోళ్లని రోజూ చూసే ఊర్లో. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కుతారు జనం. మా అవ్వ ఎక్కేది. "మెట్టుని తొక్కే ముందు మొక్కాల" అనేది. ఆ ఊర్లో, మెట్టు వేసేవాడు కిందా పైనా ఒక్కసారి టేపు పట్టి చూడలేదంటే నాకు కడుపు మండిపోతా ఉంది.

మేస్త్రీకి ఫోన్ చేస్తే, "నేను ముందే చెప్పినా అక్కా, పాత రాయి పీకితే రెండు రోజులు ఎక్కువ అవుతుంది, కూలీ ఎక్కువ అవుతుందని. వాళ్లు వద్దన్నారు" అన్నాడు. ప్రెసిడెంటు గారి దగ్గరికి టేపు తీసుకోనే పోయినా. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "పెద్దామె చూసుకోని దిగాల గదమ్మా" అన్నారు. తర్వాత ఇంకో మాట. "ఇట్లాంటివి మీకెందుకమ్మా, ఇంట్లో మగోళ్లు ఎవరైనా ఉంటే పంపించండి, మాట్లాడతాం." మా ఇంట్లో మెయింటెనెన్స్ కట్టేది నేను. వసూలుకి వచ్చినప్పుడు మగోళ్లని పిలవమని ఒక్కసారైనా అడిగినారా? నోట్లు లెక్కబెట్టే చేతికి అంగుళాలు లెక్కబెట్టడం రాదా?

పైగా అద్దం మాదిరి పాలిష్. కుప్పం గ్రానైట్ దేశమంతా పోతుంది, రాయి గురించి తెలియని సీమ కాదు మనది. మెట్లకి గరుగ్గా ఉండే లెదర్ ఫినిష్ రాయి దొరుకుతుంది. అది వద్దనుకుంటే అంచు దగ్గర మూడు గాట్లు కొట్టించాల, కటింగ్ మిషన్‌తో అరపూట పని. అదీ లేదు. పాత నున్నటి బండ మీద ఉలితో గాట్లు పెట్టకుండా, సిమెంటు పాలు పొయ్యకుండా మాలు వేసేసినారు. రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే నాలుగైదు మెట్లు ఇప్పుడే డొల్లగా మోగతా ఉండాయి. రేపు వానాకాలం వస్తే వరండాలోకి జల్లు కొడుతుంది. అప్పుడు చూడాల.

పాత రాయి పీకి అదే మట్టానికి కొత్తది వేసుంటే ఏ గొడవా లేదు. లేదంటే వరండాలకీ పార్కింగు మొదట్లోనూ అదే మందం రాయి పరిచి, తలుపుల కింద కొంచెం కోసుకోనుంటే సరిపోయేది. అదీ కాదంటే అరిగిపోయిన అంచుల వరకు కట్ చేసి పట్టీలు వేయించుంటే సగం ఖర్చుతో అయిపోయేది. రంగు ఎంచడానికి మాత్రం మూడు మీటింగులు పెట్టినారు. నలుపా, గోధుమరంగా అని.

అసలు నా బాధ ఈ రాయి గురించి కూడా కాదు. 2021 నవంబర్ వానలు గుర్తున్నాయా? తిరుపతి వీధులన్నీ ఏరులైపోయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, నెలల తరబడి మూసేసిన ఆ వానలు. మా పార్కింగులోకి నీళ్లు వచ్చినాయి. కరెంటు లేదు. నాయన బండి తియ్యాలని చీకట్లో దిగినాడు. మా మెట్లకి చేత్తో పట్టుకునేదానికి ఏమీ లేదు, ఒక పక్క గోడ, ఇంకో పక్క మోకాలెత్తు పిట్టగోడ. అరిగిన అంచు మీద కాలు జారింది, పట్టుకునేదానికి గోడ తప్ప ఏం దొరకలేదు. మోకాలు పోయింది. అంతకు ముందు ప్రతి ఏడాదీ అలిపిరి నుంచి నడిచి ఎక్కిన మనిషి, ఆ రోజు నుంచి కొండ మెట్టు ఒక్కటీ ఎక్కలేదు. శ్రీవారి మెట్టు దారిని 2022 మే నెలలో బాగు చేసి మళ్లీ తెరిచినారు. కొండ మీద దారే బాగయింది. మా మెట్లకి ఒక్క ఇనప గొట్టం రాలేదు.

రాతపూర్వకంగా అడిగినా. రెండుసార్లు. గోడకి ఒక పక్కన గొట్టం బిగించండి, 54 మెట్లకి ఎంత అవుతుందో వెల్డింగ్ అంగట్లో కనుక్కోని నేనే కాగితం మీద రాసిచ్చినా. "ఫండు లేదమ్మా" అన్నారు. ఇప్పుడు గ్రానైట్‌కి ఫండు ఎక్కడినుంచి వచ్చింది? చుట్టాలొస్తే మెరవాల. ఫ్లాటు అమ్మేటప్పుడు రేటు రావాల. పట్టుకోని దిగే చెయ్యి ఎవరికి కనపడతుంది?

మళ్లీ కాగితం రాసినా. ఈసారి మూడు అడిగినా. ఆ ఆరు మెట్లూ సరి చెయ్యాల, అంచులకి గాట్లు కొట్టించాల, గోడకి గొట్టం వెయ్యాల. అవన్నీ అయ్యేంతవరకు మెయింటెనెన్స్ కట్టేది లేదని కింద సంతకం పెట్టినా. వాటర్ క్యాన్ అబ్బోడి వాళ్లమ్మ కూడా వేలిముద్ర వేస్తానంది. ఆమె ఫ్లాటు ఓనరు కాదు, పై ఇంట్లో గిన్నెలు తోమేదానికి వస్తుంది, ఆ మెట్లు రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగతుంది. వేయించుకున్నా.

తప్పు మెట్లు ఆరింటికీ అంగట్లో ఉన్న పసుపు రంగు లైనింగు గుడ్డ పట్టీలు కోసి గమ్ముతో అంటించినా. ఎవరైనా పీకితే మళ్లీ అంటిస్తా, గుడ్డ నా దగ్గర తానులు తానులు ఉంది.

రేపు ముగ్గు నేను వేస్తా అంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. అయిదింటికి లేపమని చెప్పింది. చెయ్యి పట్టుకోని నేనే దింపాల.